తామరయు గ్రంథిరసమును

సాలుకు సుమారు 22 అంగుళముల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టసీమలో చెమటబట్టను ఏనాటి కానాడు ఉదుకుటకు నీరు చాలదు. అట్టి యిండ్లలో తామర యొకరినుండి యొకరికి సులభముగా ప్రాకును.

మన మూత్రపిండములపై రెండు చిన్న గ్రంథులు గలవు. అవి స్రవించు కార్టిసాల్ అను హార్మోను వాపును, మంటను అణచును. దానివంటి స్టిరాయిడ్ లేపనములను 1952 నుండి చర్మమునకు పూయుచున్నారు. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి దీర్ఘవ్యాధులకు వైద్యుడు చెప్పిన మితములో అవి మేలు చేయును.

తామర సంగతి వేరు. దానికి మూలము బూజుజాతి జీవి. ఈ లేపనము దురదను మాన్పునే గాని యా జీవిని చంపదు. అచ్చటి రక్షణశక్తిని తగ్గించుటచే వ్యాధి లోలోన విస్తరించును. నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడును. మిక్కిలిగా పూసినచో మందు రక్తమున జేరి, సొంత గ్రంథులు మందగించును. కావుననే చిరకాలము వాడినవారు వైద్యుని యడుగక దటాలున మానరాదు.

ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటి లేక అమ్మరాదని 2018లో భారత ప్రభుత్వము శాసించినది. పెద్దలారా, దురద తగ్గినంతనే వ్యాధి కుదిరినదని తలపకుడు. తామర సోకిన యింటివారందరికి నొక్కసారియే చికిత్స చేయింపుడు.