ఒక ముడి, రెండు పద్దు పుస్తకాలు

ప్రొద్దుటూరు అంగట్లో నగ కొనేటప్పుడు గీటురాయి మీద ఒక్క గీత గీస్తే చాలు, బంగారం వన్నె తేలిపోతుంది. అయితే ఒక్కచోట ఎంత పరీక్షించినా బయటపడనిది ఒకటుంది. అదే క్వాంటం చిక్కుముడి. జంటగా పుట్టిన రెండు కాంతి కణాలు దూరంగా విడిపోయినా, వాటి తీరు ముడిపడే ఉంటుంది. ఎవరిచోట వారుండి ఆ ముడిని కనిపెట్టడమెలాగో చెప్పుకుందాం.

పులివెందులలో అత్తగారు కణాలను జంటలు జంటలుగా పుట్టించి, ఒకదాన్ని ప్రొద్దుటూరులోని వదినకు, రెండోదాన్ని జమ్మలమడుగులోని మరదలికి పంపుతున్నదనుకోండి. ప్రతి జంటకూ ఇద్దరూ చెరొక నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే ఒక వాలున, బొరుసు పడితే ఇంకో వాలున కాంతిని వడగట్టే పలక నిలబెడతారు. కణం దాటితే “అవును”, ఆగిపోతే “కాదు” అని పద్దు రాసుకుంటారు. మధ్యలో ఒకరితో ఒకరు మాట్లాడరాదు.

పందెం ఇదీ: ఇద్దరికీ బొమ్మే పడితే జవాబులు వేరుగా ఉండాలి. మిగతా మూడు సందర్భాల్లో ఒకటే కావాలి.

కణాలు జవాబులను ముందే ఒడిలో కట్టుకుని వచ్చాయనుకుందాం. వదిన బొమ్మ జవాబు మరదలి బొరుసు జవాబుతో కలవాలి. అది వదిన బొరుసుతోనూ, అది మళ్ళీ మరదలి బొమ్మతోనూ కలవాలి. అప్పుడు బొమ్మా బొమ్మా కూడా కలిసిపోతాయి కదా! అక్కడ ఓటమే. కాబట్టి సగటున నూటికి 75 గెలుపులు మించవు.

చిక్కుముడి పడిన కణాలకైతే, పలకల వాలు సరిగ్గా కుదిరితే, దాదాపు 85 వస్తాయి. ఏ ఒక్క పుస్తకం చూసినా అవునూ కాదూ సగంసగంగా, ఏ వరుసా లేకుండా కనబడతాయి. అందుకే దీనితో కబురు పంపడం కుదరదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టినప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఈ ఆలోచనకు మూలం 1964లో జాన్ బెల్ చూపిన లెక్క. 1972లో క్లౌసర్, ఫ్రీడ్‌మన్, 1982లో ఆస్పే ప్రయోగాలు చేశారు. 2015లో హాలెండులోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంలో, సందు లేకుండా పరీక్షించారు. క్లౌసర్, ఆస్పే, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది.

75 దాటకపోతే ముడి లేదని చెప్పలేం. లెక్కకు నిలిచేలా దాటితే మాత్రం ఉన్నట్టే. పంపినవారి మాట నమ్మనక్కరలేదు. మన పద్దు మనమే రాసుకుని, ఇద్దరం కూర్చుని సరిచూసుకుంటే చాలు.