మత్తు దిగాక మొదలయ్యే పని

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ సారా తాగి 23 మంది చనిపోయారు. 160 మంది ఆసుపత్రుల పాలయ్యారు. బాధితుల్లో ఎక్కువమంది పొట్టకూటికి వెళ్లిన ఆసియా దేశాలవారే. ఆ సారాలో ఉన్నది మిథనాల్. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. కొందరికి చూపు పోయింది, చాలామందికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

కువైట్‌లో మద్యనిషేధం 1960ల నుంచీ ఉంది. నిషేధం దుకాణాన్ని మూయించగలదు కానీ అలవాటుపడిన ఒంటిని మార్చలేదు. దానికి వైద్యం కావాలి, ఆ తర్వాత తోడు కావాలి.

ఈ రెండూ వేరువేరు పనులు. ఆసుపత్రిలో మత్తు దించడానికి సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది. అసలు పరీక్ష డిశ్చార్జి తర్వాతే. అదే రూం, అదే స్నేహితులు, అదే ఒంటరితనం. మొదటి కొన్ని నెలల్లోనే చాలామంది మళ్లీ జారిపోతారు. అప్పుడు పక్కన ఉండాల్సింది ఆ దారిలో నడిచి బయటపడ్డ మనిషి. వారానికోసారి కలిసి కూర్చోవడం, రాత్రి ఫోన్ ఎత్తడం, పని వెతికిపెట్టడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం: తోడు అంటే ఇంతే.

దీనికి డబ్బెందుకు అనిపించవచ్చు. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానాలనుకునేవారి సంఘం బయటి డబ్బు తీసుకోకుండానే నడుస్తోంది. అయితే తోడుండేవారికి శిక్షణ, గౌరవ వేతనం, కొన్నాళ్లు తలదాచుకునే చోటు ఊరికే రావు. అందుకే భారత సామాజిక న్యాయ శాఖ స్వచ్ఛంద సంస్థల పునరావాస కేంద్రాలకు, తోటివారు నడిపే కార్యక్రమాలకు గ్రాంటు ఇస్తుంది.

కువైట్‌లో వ్యసన చికిత్స కేంద్రాన్ని ఆరోగ్య శాఖ నడుపుతోంది. తర్వాతి తోడు కోసం 1993లో మొదలైన బషాయిర్ అల్ ఖైర్ అనే సంస్థ దాతల విరాళాలతో పనిచేస్తోంది. తనంతట తాను చికిత్సకు వచ్చినవారిపై కేసు పెట్టకూడదన్న సూత్రం 1983 నాటి మత్తుమందుల చట్టంలోనే పెట్టారు.

కానీ రాజంపేట నుంచో కోనసీమ నుంచో వెళ్లిన మనిషికి ఇవన్నీ దూరమే. అరబిక్‌లో తన గోడు చెప్పుకోలేడు. నోరు విప్పితే అకామా (నివాస అనుమతి) పోతుందేమోనని భయం. అతనికి కావాల్సింది తెలుగులో వినే మనిషి.

ఆ ఖర్చుకు దారి లేకపోలేదు. 2009లో ఏర్పడిన భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల చేతిలో ఉంది. కాన్సులర్ సేవలకు మనవాళ్లు కట్టే రుసుములతో అది నిండుతుంది. కష్టంలో ఉన్నవారి అత్యవసర వైద్యానికి, వసతికి, విమాన టికెట్లకు, మృతదేహాల తరలింపుకు దాన్ని వాడతారు. శవపేటికకు ఖర్చుపెట్టే నిధి, మనిషి బతికుండగానే తోడుకూ ఖర్చుపెట్టాలి. తెలుగు సంఘాలు ఈ మాట రాయబార కార్యాలయంలో గట్టిగా అడగాలి.

మీ రూంలో ఎవరైనా తాగుడు మానాలనుకుంటే ఒక్కసారిగా మానేయమని ఒత్తిడి చేయకండి. బాగా అలవాటుపడినవారికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తిరిగొచ్చాక ఒంటరిగా వదలకండి. ఇంటికి వచ్చేసినవారికి ఇండియాలో 14446 ఉచిత హెల్ప్‌లైన్ ఉంది.