ఏనెబావి
ఏనెబావి, తెలంగాణ రాష్ట్రం, జనగామ జిల్లా, లింగాల ఘనపూర్ మండలానికి చెందిన చిన్న పల్లె. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇక్కడ సుమారు యాభై రైతు కుటుంబాలు ఉన్నాయి.

నేపథ్యం
1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పైరు పురుగు పాలై, అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. పురుగుమందుల ఖర్చు ఈ అప్పులకు ఒక ముఖ్య కారణం. ఏనెబావి రైతులు మొదట పురుగుమందులను, తరువాత రసాయనిక ఎరువులను మానివేసి, 2006లో తమది రసాయనాలు వాడని గ్రామమని ప్రకటించుకున్నారు.

సాగు పద్ధతి
తొలకరిలో రాత్రిపూట మంటలు వేస్తే ఎర్ర గొంగళిపురుగు తల్లి రెక్కల పురుగులు వాటిలో పడి నశిస్తాయి. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పశువుల ఎరువు, చెరువు మట్టి ఇతర సాధనాలు. ఒక చేనులో చల్లిన మందు పక్క చేలలోని మిత్రపురుగులనూ చంపుతుంది. కనుక ఈ సాగు ఊరంతా ఒక్కమాటపై నిలిచినప్పుడే పూర్తిగా ఫలిస్తుంది.