నెదర్లాండ్స్‌లో చదివారా? ఆ డిగ్రీ మరో దేశంలో చెల్లాలంటే ముద్రలు ఎక్కడ వేయించాలి?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుంచి నెదర్లాండ్స్ వెళ్లి మాస్టర్స్ చేసినవారందరూ అక్కడే స్థిరపడరు. కొందరు కెనడా పీఆర్‌కు దరఖాస్తు చేస్తారు. కొందరికి దుబాయ్‌లో ఆఫర్ వస్తుంది. కొందరు ఇంటికొచ్చి ఇక్కడే ఉద్యోగం చూసుకుంటారు. ఎక్కడికెళ్లినా ఆ డచ్ డిగ్రీ అసలుదేనని రుజువు చూపించాలి. డిప్లొమా తీసుకుని ఇంటికొచ్చేశాక గానీ, ఆ ముద్ర విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పడదన్న సంగతి చాలామందికి తెలియదు. అప్పటికి ఆఫర్ లెటర్ గడువు దగ్గర పడుతుంది.

అపోస్టిల్ అంటే ఏంటి?

ఒక దేశం ఇచ్చిన పత్రంపై ఉన్న సంతకం, ముద్ర నిజమైనవేనని అదే దేశం ఇచ్చే ధ్రువీకరణే అపోస్టిల్. 1961 హేగ్ ఒప్పందంలో చేరిన దేశాలు దీన్ని గుర్తిస్తాయి. భారత్‌లో ఈ ఒప్పందం 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. నెదర్లాండ్స్ కూడా సభ్య దేశమే.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, పత్రం ఏ దేశం ఇచ్చిందో అపోస్టిల్ కూడా ఆ దేశమే వేయాలి. డచ్ డిగ్రీకి మన విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయదు. రెండు, అపోస్టిల్ సంతకానికి మాత్రమే సాక్ష్యం. మీ డిగ్రీ అక్కడి ఏ కోర్సుతో సమానమో అది చెప్పదు. దానికి వేరే మూల్యాంకనం ఉంటుంది.

డచ్ డిగ్రీకి ఏ దారి?

1. ముందుగా డీయూవో: ఇది నెదర్లాండ్స్ ప్రభుత్వ విద్యా నిర్వహణ సంస్థ. గుర్తింపు పొందిన కోర్సుల డిప్లొమాలు, మార్కుల జాబితాలను పరిశీలించి ముద్ర, సంతకం వేస్తుంది.

2. తర్వాత జిల్లా కోర్టు: డచ్ భాషలో దీన్ని 'రెహ్ట్‌బాంక్' అంటారు. డీయూవో ముద్ర ఉన్న పత్రంపై అపోస్టిల్ వేసేది ఈ కోర్టే. పత్రానికింత అని ఫీజు ఉంటుంది.

డిప్లొమా ఒక్కటే చాలదు. దానితో పాటు ఇచ్చే డిప్లొమా సప్లిమెంట్, మార్కుల జాబితాకు కూడా ముద్రలు వేయించుకోవాలి. డచ్ మాస్టర్స్‌లో 60 క్రెడిట్ల ఏడాది కోర్సులు, 120 క్రెడిట్ల రెండేళ్ల కోర్సులు ఉన్నాయి. మీది ఏ రకమో చెప్పేది ఈ సప్లిమెంటే.

డిప్లొమా డచ్ భాషలో ఉంటే, ఇంగ్లిష్ కాపీ ఇస్తారేమో యూనివర్సిటీని అడగండి. ఇవ్వకపోతే ప్రమాణం చేసిన అనువాదకుల చేత అనువాదం చేయించి, దానికి కూడా కోర్టులో అపోస్టిల్ వేయించాలి.

ఏ దేశానికి ఏది కావాలి?

• సౌదీ అరేబియా, ఒమన్, బహ్రెయిన్: ఇవి హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. సౌదీలో 2022 డిసెంబరు నుంచి అమలవుతోంది. అపోస్టిల్ సరిపోతుంది.

• యూఏఈ, ఖతార్, కువైట్: ఇవి ఒప్పందంలో లేవు. డీయూవో తర్వాత కోర్టుకు కాకుండా డచ్ విదేశాంగ శాఖకు, అక్కడి నుంచి ది హేగ్‌లోని ఆ దేశ ఎంబసీకి వెళ్లాలి. చివరగా ఉద్యోగం చేసే దేశ విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి. దుబాయ్ ఉద్యోగానికి అపోస్టిల్ చేయించుకుంటే ఆ డబ్బు, ఆ రోజులు వృథానే.

• కెనడా: పీఆర్‌కు కావలసింది ఈసీఏ అనే మూల్యాంకన నివేదిక. డబ్ల్యూఈఎస్ లాంటి గుర్తింపు పొందిన సంస్థలు ఇస్తాయి. ట్రాన్‌స్క్రిప్ట్ చాలావరకు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. ఈ నివేదిక ఐదేళ్లు చెల్లుతుంది.

• భారత్: ప్రభుత్వ ఉద్యోగానికి, పీహెచ్‌డీ ప్రవేశానికి విదేశీ డిగ్రీకి సమానత్వ ధ్రువపత్రం అడుగుతారు. గతంలో దీన్ని భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చేది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దీనిపై కొత్త నిబంధనలు తెచ్చింది.

ఇంటికొచ్చేశాం, ఇప్పుడెలా?

కంగారు పడాల్సిన పని లేదు. కోర్టుకు మీరే వెళ్లనక్కర్లేదు. పోస్టులో పంపవచ్చు, అక్కడున్న స్నేహితుల ద్వారా చేయించవచ్చు. కాకపోతే ఒరిజినల్ డిప్లొమా విషయంలో జాగ్రత్త. డచ్ యూనివర్సిటీలు సాధారణంగా రెండో డిప్లొమా ఇవ్వవు. పోతే, డిగ్రీ పూర్తి చేసినట్లు ధ్రువీకరణ లేఖ మాత్రమే ఇస్తాయి. లామినేషన్ చేయించవద్దు. దానిపై ముద్ర పడదు.

ఇంకా అక్కడే ఉన్నవారైతే, తిరిగి వచ్చేలోపే రెండు ముద్రలూ వేయించుకోవడం మేలు.

మన డిగ్రీ కూడా అడుగుతారా?

చాలాచోట్ల అడుగుతారు. మాస్టర్స్ డచ్‌ది అయినా బీటెక్, బీఎస్సీ ఇక్కడివే కదా. వీటి దారి వేరు. ముందు విద్యాసంస్థ పరిశీలన, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, చివరగా విదేశాంగ శాఖ అపోస్టిల్. అపోస్టిల్ ఫీజు పత్రానికి 50 రూపాయలు. సేవా రుసుము అదనం. విదేశాంగ శాఖ పత్రాలను నేరుగా తీసుకోదు, అధీకృత ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ కూడా సర్టిఫికెట్ల అటెస్టేషన్ సేవ అందిస్తోంది.

ఏ యూనివర్సిటీకి వెళ్లాలో ముందు చూసుకోండి. మచిలీపట్నంలో కృష్ణా యూనివర్సిటీ ఏర్పడింది 2008లో. అంతకుముందు బందరు, గుడివాడ కాలేజీల్లో డిగ్రీ చేసినవారి పట్టాలపై ఉండేది నాగార్జున యూనివర్సిటీ పేరు. నర్సింగ్, ఫార్మసీ లాంటి ఆరోగ్య కోర్సులకు సంబంధించిన వర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌గా, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌గా మారింది. మార్కుల జాబితాలో ఒక పేరు, పట్టాలో మరో పేరు ఉంటే రెండూ ఒకటేనని వర్సిటీ నుంచి లేఖ తీసుకుని జతచేయండి.

పేరు, ఊరు తేడాతో జాగ్రత్త

టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో, దాన్ని చూసి రాసే డచ్ డిప్లొమాలో పూర్తిగా ఉంటుంది. పుట్టిన ఊరు ఒకచోట బందరు, ఇంకోచోట మచిలీపట్నం అని ఉండొచ్చు. మనకు రెండూ ఒకటే. విదేశీ అధికారికి అవి రెండు ఊళ్లు. దరఖాస్తుకు ముందే అన్ని పత్రాలనూ పాస్‌పోర్టు పక్కన పెట్టి సరిచూసుకోండి.

ఏజెంటుకు ఇచ్చే ముందు

• ఏ దేశానికి, ఏ ముద్ర కావాలో యజమాని లేదా ఎంబసీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.
• డచ్ డిగ్రీకి ఇక్కడే అపోస్టిల్ వేయిస్తామంటే నమ్మవద్దు.
• ఒరిజినల్స్ ఇచ్చే ముందు అన్ని పేజీలూ స్కాన్ చేసుకోండి. ఏయే పత్రాలు ఇచ్చారో రాసి రసీదు తీసుకోండి.
• ప్రభుత్వ ఫీజు ఎంత, సర్వీసు చార్జీ ఎంత అని విడివిడిగా అడగండి.