మాట గట్టు దాటాలంటే

అనంతపురం జిల్లా కంబదూరు దగ్గర గొర్రెల మందను తోలుకుని గుట్ట మరుగుకు పోయారంటే ఫోనులో గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. బ్యాటరీ నిండుగానే ఉంటుంది, ఊరి గుడి గోపురం కంటికి కనిపిస్తూనే ఉంటుంది, మాట మాత్రం పోదు. ఎందుకంటే ఫోను పక్కనున్న ఫోనుతో ఎప్పుడూ నేరుగా మాట్లాడదు. కూతవేటు దూరంలో ఉన్న తమ్ముణ్ణి పిలవాలన్నా ముందు టవరు చేయి అందుకోవాలి.

టవరుతో పని లేకుండా, ఒక సంచిలో మోసుకెళ్లగల నాలుగైదు పెట్టెలతో మాట నడిపించవచ్చు. దీన్ని మెష్ నెట్‌వర్క్ అంటారు, వల అన్నమాట. ప్రతి పెట్టే ఒక వైఫై రూటరే. మన ఫోను దగ్గర్లోని పెట్టెను పట్టుకుంటుంది, ఆ పెట్టె పక్క పెట్టెకు, అది ఇంకో పెట్టెకు అందిస్తుంది. మధ్యలో ఒకటి ఆగిపోయినా, చుట్టు తిరిగే దారి ఇంకొకటి ఉంటే మాట అటు మళ్లుతుంది.

ఆ దారి పెట్టెలకు ఎలా తెలుస్తుంది? కల్యాణదుర్గం పోవాలంటే మనకు జిల్లా పటం అక్కర్లేదు, ఈ కూడలిలో ఎటు తిరగాలో తెలిస్తే చాలు. బెర్లిన్‌లోని ఫ్రైఫుంక్ బృందంవాళ్లు రాసిన ‘బాట్‌మన్’ అనే పద్ధతి అచ్చంగా ఇంతే. ప్రతి పెట్టె సెకనుకోసారి ‘నేనున్నాను’ అని కేకేస్తుంది. విన్న పెట్టెలు ఆ కేకను ముందుకు పంపుతాయి. ఏ పక్కింటి ద్వారా వచ్చిన కేక తప్పకుండా అందుతోందో, అటే దారి. మొత్తం వల ఆకారం ఏ పెట్టెకూ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2011 నుంచి ఇది లైనక్స్‌లోనే కలిసి వస్తోంది.

ఇక మాట సంగతి. సినిమా పంపినంత బరువు మాటకు లేదు. మామూలు టెలిఫోను నాణ్యతకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. మాటకు కావలసింది వేళకు చేరడం. మీరు పలికేదాన్ని ఫోను సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి పంపుతుంది. ముక్క చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగే అవస్థ మొదలవుతుంది. పైగా ఒక్కో ముక్క చాలా చిన్నది, దానికి తగిలించే చిరునామా, ముందు వెనకల మర్యాదలు మాత్రం పెద్దవి. ఒక్క శెనక్కాయ మూట కోసం లారీ కట్టినట్టు. అందుకే డబ్బా మీద రాసిన వేగం చూసి కాల్స్ లెక్క కట్టకూడదు.

ఇంకో చిక్కుంది. ఒక్క రేడియో ఉన్న పెట్టె ఒకే చానల్ మీద వింటూ మాట్లాడలేదు. ఒక మజిలీ దాటితే ఉన్న వేగం సగం, ఇంకొకటి దాటితే దాదాపు మూడో వంతు. నా లెక్కలో మాటకు మూడు మజిలీలు మేలు, అయిదు ఆశ.

ఎత్తు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనిపిస్తే సరిపోదు. రేడియో తరంగం దారంలా సాగదు, నడుము లావైన కండెలా సాగుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, కిలోమీటరు దూరానికి ఆ కండె నడుము మధ్యలో అయిదున్నర మీటర్ల వ్యాసార్థం ఉంటుంది. అందులో కనీసం అరవై శాతం, అంటే మూడు మీటర్లకు పైచిలుకు, అడ్డు లేకుండా ఉండాలి. చదును నేల మీద నాలుగైదు మీటర్ల వెదురు గడ కావాలన్నమాట. జులైలో శెనక్కాయ చేను మోకాలి కిందే ఉంటుంది కాబట్టి ఆ గడ బాగానే పనిచేస్తుంది. అదే చేలో వేసిన కంది సాళ్లు కార్తీకానికి మనిషెత్తు లేస్తాయి. పచ్చి ఆకులో నీరుంటుంది, నీరు ఈ తరంగాలను మింగేస్తుంది. గడ పాతేటప్పుడే కంది ఎత్తు కలుపుకోండి.

కోస్తావాళ్లతో పోలిస్తే ఇక్కడి నేల నయం. 2000 దశకంలో బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి పల్లెల్లో ‘అశ్విని’ పేరిట దూరపు వైఫై లింకులు వేసి, వీడియో పాఠాలూ వైద్య సలహాలూ అందించింది. కొబ్బరి తోటల తలలు దాటాలంటే అక్కడ పొడుగాటి టవర్లు నిలబెట్టాల్సిందే. చెట్టు పలచనైన అనంతపురం మెట్టలో చూపు ఎంత దూరమైనా పోతుంది. పెట్టె గుట్ట నెత్తిన పెడితే గడ ఖర్చు కూడా లేదు. వాన తక్కువైనందుకు దక్కిన లాభం ఇదొక్కటేనేమో!

కరెంటుకు కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. పురుగుమందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ చాలా ఇళ్లలో ఉంది. అందులో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల బ్యాటరీ. 12 వోల్టులకే నడిచే చిన్న రూటర్లు చాలానే ఉన్నాయి, అవి అయిదు వాట్లకు అటూ ఇటూ తాగుతాయి. బ్యాటరీని పూర్తిగా పీల్చకుండా అరవై శాతం దగ్గర ఆపినా పదకొండు పన్నెండు గంటలు వస్తుంది. పెట్టెకు తెల్ల రంగు వేయండి. ఏప్రిల్ ఎండలో నల్ల డబ్బాలో పెట్టిన రూటరు మధ్యాహ్నానికే మొరాయిస్తుంది.

ఫోనుల్లో లిన్‌ఫోన్ లాంటి యాప్, ఒక పెట్టె పక్కన యాస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ వేసిన రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు ఉంటే అదే ఎక్స్‌ఛేంజి. నంబర్లు మీ ఇష్టం, 101 మీది, 102 మీ చిన్నాన్నది. దక్షిణాఫ్రికాలో మొదలైన విలేజ్ టెల్కోవాళ్లు ఈ పనికే ‘మెష్ పొటాటో’ అనే పెట్టె తయారుచేశారు, రూటరుకే మామూలు ల్యాండ్‌లైన్ ఫోను తగిలించే వీలుతో. 2010 హైతీ భూకంపం చూశాక ఆస్ట్రేలియాలో సర్వల్ ప్రాజెక్టు ఇంకో అడుగు వేసి, పెట్టెలు కూడా లేకుండా ఫోనుల్నే వలగా అల్లాలని చూసింది. ఆండ్రాయిడ్ ఫోనులు ఆ రకం వైఫైని మామూలుగా అనుమతించవు, అక్కడే అది నెమ్మదించింది. మన దగ్గర 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టి సెల్ టవర్లు మూగబోయినప్పుడు ఆదుకున్నవాళ్లలో హామ్ రేడియోవాళ్లున్నారు. వాళ్ల సెట్టుకు దూరం ఎక్కువ, కానీ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి.

వైఫై వలకు ఆ బెడద లేదు. 2005 జనవరి నుంచి మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదు, యాంటెన్నా బలం కలుపుకుని నాలుగు వాట్లు దాటకూడదు. మనలో మనం మాట్లాడుకోవడం వేరు, డబ్బు తీసుకుని ఊరికి ఫోను సర్వీసు నడపడం వేరు. రెండోదానికి అనుమతి తప్పదు. లోరా అనే మరో రకం రేడియోలతో ఇదంతా చవకగా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి రెండు ముక్కల మెసేజీని కిలోమీటర్ల దూరం మోస్తాయి, గలగలా సాగే మాటను మోయలేవు.

అయిదు పెట్టెలు ఒక్కసారే కొనకండి. ముందు రెండు తెచ్చి, ఒకటి చెరువు కట్ట మీద నిలబెట్టండి. రెండోదాన్ని గడకు కట్టి ఒకరు మోయండి, ఇంకొకరు కాల్ కలిపి ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ పక్కనే నడవండి. అంకెలు ఎక్కడ తెగితే, అక్కణ్ణించి యాభై అడుగులు వెనక్కి వచ్చి ఆ గడ పాతండి. మూడో పెట్టె ఆ తరవాత కొనొచ్చు.