ఫ్రాన్సు కాలువల్లో అక్కరకొచ్చే మాటలు

దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ నగరం నుంచి మధ్యధరా తీరంలోని "తో" అనే ఉప్పునీటి సరస్సు దాకా సాగే కాలువ పేరు కెనాల్ దు మిది. పొడవు సుమారు 240 కిలోమీటర్లు, పూర్తయింది 1681లో. వేసవిలో దీని మీద తిరిగేవి ఎక్కువగా అద్దె పడవలు. వాటిని నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. కంపెనీవాళ్లు కాసేపు నేర్పి, కాగితం ఒకటి చేతికిస్తారు. ఆ శిక్షణలో భాష ఉండదు.

మొదటి చిక్కు లాకు దగ్గర వస్తుంది. గోదావరి డెల్టా కాలువల్లో ఉన్నట్టే ఇక్కడా లాకులో నీటిని పెంచి, తగ్గించి పడవను పైకో కిందికో పంపుతారు. కిందికి దిగేటప్పుడు తాడును గట్టు మీది గుంజకు ముడివేస్తే, నీరు తగ్గేకొద్దీ పడవ ఆ తాడుకు వేలాడి ఒరిగిపోతుంది. అది చూసి లాకు మనిషి "దొనే ద్యు ము" అని కేకేస్తాడు, తాడు వదులు చెయ్యమని. "అతాందే" అంటే ఆగమని, "దూస్‌మా" అంటే మెల్లగా అని. రెండు చేతులూ తాడు మీదున్న మనిషి ఫోనులో అనువాదం వెతకలేడు. అందుకే ఈ మూడు మాటలూ బయల్దేరేముందే చెవికి అలవాటు కావాలి. లాకు దగ్గరి దీపాలకు భాషతో పని లేదు: ఆకుపచ్చ వెలిగితే రావచ్చు, ఎరుపూ ఆకుపచ్చా కలిసి వెలిగితే లాకును సిద్ధం చేస్తున్నారని, రెండు ఎరుపులుంటే అసలు పనిచెయ్యడం లేదని.

ఏది అడగాలన్నా ముందు "బోంజూర్" అనాలి. అది లేకుండా నేరుగా పనిలోకి దిగితే అక్కడ మొరటుతనమే. ఇంధనం దగ్గర మర్యాదతోపాటు జాగ్రత్తా కావాలి. డీజిల్‌ను "గాజోల్" అంటారు, పెట్రోలును "ఎసాన్స్" అంటారు. "పెత్రోల్" అని అడిగితే కిరోసిన్ అని అర్థం చేసుకుంటారు! అనుమానమొస్తే పంపు మీది గుర్తు చూడాలి. యూరప్‌లో 2018 నుంచి పెట్రోలుకు గుండ్రటి గుర్తు, డీజిల్‌కు చతురస్రం.

అన్నిటికన్నా కష్టం, పడవ చెడినప్పుడు ఫోనులో మాట్లాడటం. ఎదురుగా మెకానిక్కు ఉంటే వేలు పెట్టి చూపించవచ్చు. ఫోనులో ఆ వీలు లేదు, పైగా ఇంజను మోత. "ఆ పాన్" అంటే పడవ చెడి ఆగిపోయిందని, "ల మొతర్ షోఫ్" అంటే ఇంజను వేడెక్కుతోందని, "ఫ్యూయిత్ దో" అంటే నీరు కారుతోందని. ఇవి చెప్పడం తేలికే, వచ్చే జవాబుతోనే తంటా. ఫోన్ నంబర్లను రెండేసి అంకెలుగా చదువుతారు. 75ను అరవై పదిహేను ("స్వాసాంత్ కేంజ్") అంటారు. "స్వాసాంత్" వినగానే 6 రాసేసుకున్నవారికి వెంటనే "కేంజ్" వినబడి లెక్క తప్పుతుంది. నంబరును మెసేజ్‌గా పంపమనడమే మేలు.

ప్రమాదమైతే యూరప్ అంతటా 112. ఎవరికి ఫోన్ చేసినా ముందుగా అడిగేది ఎక్కడున్నారనే. నీళ్ల మీద వీధి పేర్లుండవు. ఈ కాలువ మీది పాత లాకు ఇళ్ల గోడలకు పలకలుంటాయి: లాకు పేరు, ఎగువ, దిగువ లాకులకు దూరం మీటర్లలో. దాటిన ప్రతి లాకు పేరూ కాగితం మీద రాసుకుంటే, ఏ రెండింటి మధ్య ఆగిపోయారో చదివి చెప్పొచ్చు.