గ్లైడర్ ఎగిరింది... తర్వాత గ్రూపే కీలకం

రాయ్‌పూర్ రైల్వేస్టేషన్‌కు అవతలి వైపున్న పేట గుఢియారీ. రైల్వే ఉద్యోగాల వెంట ఈ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఎన్‌సీసీ ఎయిర్ స్క్వాడ్రన్ కూడా ఈ నగరంలో ఉంది.

అమెరికా హైస్కూళ్లలో వైమానిక దళ క్యాడెట్లకు ఏరోస్పేస్ సైన్స్, నాయకత్వం తరగతి గది పాఠాలే. వాటికి క్రెడిట్లూ ఉంటాయి. మన బడుల్లో చాలాచోట్ల అది బడి వేళల తర్వాతి పరేడ్, ఏరోమోడలింగ్. అలాగని తక్కువేం కాదు. తేలికైన బాల్సా చెక్కతో గ్లైడర్ చేసి, ముక్కు బరువు సరిచూసి ఎగరేసిన పిల్లాడికి లిఫ్ట్, డ్రాగ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

రెండేళ్ల జూనియర్ శిక్షణ తర్వాత పరీక్ష రాస్తే ‘ఎ’ సర్టిఫికెట్ వస్తుంది. అయితే దానితోనే వైమానిక దళం తలుపు తెరుచుకోదు. రాతపరీక్ష లేకుండా నేరుగా ఎంపిక బోర్డు ముందుకెళ్లే ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశానికి, అదీ ఫ్లయింగ్ శాఖకు, సీనియర్ ఎయిర్ వింగ్ ‘సి’ సర్టిఫికెట్ కావాలి. డిగ్రీలో 60 శాతం, ప్లస్‌టూలో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి. తొమ్మిదిలో విమానాల మీద మోజుపడి పదకొండులో గణితం వదిలేస్తే ఈ దారి మూసుకుపోయినట్టే. ఈ సంగతి పిల్లలకు ఎనిమిదిలోనే చెప్పాలి. కాలేజీలో చేర్చే ముందు అక్కడున్నది ఆర్మీ వింగా, ఎయిర్ వింగా అని కూడా అడగాలి.